తోమకూడని తుపాకీ

(కనెక్టికట్ రాష్ట్రంలో హార్ట్‌ఫర్డ్ దగ్గర తెలుగువారి నెలవారీ సమావేశంలో ఒక విశ్రాంత టూల్‌రూమ్ ఇంజనీరు చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం. పోయిన నెల ఈ గదిలో శతక పద్యాల మీద మాట్లాడుకున్నాం. వచ్చే నెల ఊరగాయల మీదట. ఆ రెంటి మధ్య తుపాకీ ఎలా దూరిందా అని చాలామంది ముఖాల్లో ప్రశ్న కనిపిస్తోంది. తప్పు నాది కాదు, నన్ను పిలిచినవారిది. (నవ్వులు)

ముందే చెబుతున్నాను, తుపాకీని ఈ భవనంలోకి తేలేదు, తేకూడదు కూడా. తెర మీద ఫొటోలున్నాయి. నా జేబులో ఒక ఖాళీ తూటా తొడుగూ, ఒక భూతద్దమూ ఉన్నాయి. అవి కాసేపట్లో మీ మధ్యకు వస్తాయి. నేను వేటగాణ్ణి కాదు. పిట్ట మీద కూడా గురి పెట్టినవాణ్ణి కాదు. ముప్పయి ఏళ్లు లేత్‌ల పక్కన, మిల్లింగ్ యంత్రాల పక్కన నిలబడి పనిచేసినవాణ్ణి. నాకు తుపాకీ అంటే నూట ముప్పయి ఏళ్ల కిందట ఎవరో నాలాంటి మనిషి ఇనుముతో చేసిన పని. ఆ పని చూడటం కోసమే దాని వెంట పడ్డాను.

ఇక నా పాపం చెబుతాను. మా ఇంట్లో పండగ వస్తోందంటే అమ్మ ఇత్తడి సామానంతా పెరట్లో కుప్ప పోసేది. చింతపండు, బూడిద, కొబ్బరిపీచు. పిల్లలందరం కూర్చుని తోమాలి. బిందె తళతళలాడితే ‘వీడు పనిమంతుడు’ అనేవారు. ఆ మెప్పు ఒంటికి పట్టేసింది. ఇరవై ఏళ్ల క్రితం ఒక పాత పొలం ఇంట్లో సామాను అమ్ముతుంటే వెళ్లాను. గొడ్లపాక గోడకు ఒక చిన్న రైఫిల్ ఆనించి ఉంది. ఎనిమిది పలకల గొట్టం, మధ్యలో గాళ్లు చెక్కిన ముందు పిడి, భుజానికి ఆనే చివర నెలవంకలా వంగిన ఇనుప మడమ. ఒళ్లంతా ముదురు గోధుమ రంగు, పాత బెల్లం అచ్చులాగా. వించెస్టర్ మోడల్ 1890. బేరమాడి కొన్నాను. ఇంటికి తెచ్చి ఏం చేశాను? గ్యారేజీలో కూర్చుని ఉక్కుపీచు, నూనె పెట్టి రుద్దాను. అదీ చాలదన్నట్టు గుడ్డచక్రం మీద పాలిష్ పట్టాను. రెండు ఆదివారాలు. మూడో ఆదివారానికి అది అమ్మ బిందెలా మెరిసింది.

దాన్ని గర్వంగా ఒక పెద్దాయనకు చూపించాను. ఇలాంటివి అరవై ఏళ్లుగా సేకరిస్తున్న మనిషి. ఆయన చేతిలోకి తీసుకుని, వెలుగులో ఒకసారి తిప్పి, మెత్తటి గుడ్డ మీద పెట్టేసి, ‘దీన్ని ఎవరు శుభ్రం చేశారు?’ అని అడిగాడు. నేనే అన్నాను. ఇంకేమీ అనలేదు. గుర్రం వెనకాల, వేలు వెళ్లని మూల చూపించి భూతద్దం ఇచ్చాడు. అక్కడ వేలిగోరంత చోట నీలం, ఊదా, తేనె రంగులు కలిసిన మచ్చ ఒకటి మిగిలి ఉంది. కార్ఖానా నుంచి బయటికి వచ్చిన రోజున రిసీవర్ అంతా ఆ రంగే. అంటే తుపాకీ నడుము భాగమంతా. ఆ గోధుమ మరక కింద ఇంకెక్కడెక్కడ ఆ రంగు బతికి ఉండేదో ఇక తెలిసే దారి లేదు. నేను మురికి అనుకున్నది మురికి కాదు.

గుర్రం అన్నాను కదా, కంగారు పడకండి. తూటాను పేల్చే సుత్తిని మన పాతవాళ్లు తుపాకీ గుర్రం అనేవారు. బ్రౌణ్యంలో, అంటే బ్రౌన్ దొర నిఘంటువులో, ఉంది చూడండి. హామర్ అనే మాటకన్నా నాకు అదే ఇష్టం.

సరే, ఈ వస్తువు పుట్టుక. మనం కూర్చున్న చోటి నుంచి కథ మొదలుపెట్టవచ్చు. హార్ట్‌ఫర్డ్‌లో హైవే మీద వెళుతుంటే నీలం రంగు ఉల్లిగడ్డ లాంటి గుమ్మటం కనబడుతుంది. అది కోల్ట్ కంపెనీ పాత కార్ఖానా. ముందు పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తే తూటా మారే పాయింట్ 22 (అంటే గొట్టం బొర్ర వెడల్పు అంగుళంలో సుమారు నూటికి 22 వంతులు) రైఫిల్‌ను 1887 ప్రాంతంలోనే వాళ్లు తెచ్చారు. దాని పేరు లైట్నింగ్. ఇక్కడి నుంచి కారులో గంట లోపు దూరంలో న్యూ హేవెన్‌లో వించెస్టర్. లీవర్ తుపాకులకు, అంటే కింద ఉన్న కడ్డీని కిందికీ పైకీ ఊపితే తూటా మారేవాటికి, వాళ్లే రాజులు. కానీ చిన్న తూటా దగ్గరికి వచ్చేసరికి చతికిలబడ్డారు. తమ పేరు మోసిన 1873 మోడల్‌నే పాయింట్ 22కి మార్చి 1884లో అమ్మకానికి పెట్టారు. ఏనుగు మీద ఎక్కి చీమను తొక్కడానికి వెళ్లినట్టుంది ఆ సంగతి. బరువూ ఎక్కువ, ధరా ఎక్కువ. ఇరవై ఏళ్లలో ఇరవై వేలు కూడా పోలేదు.

అప్పుడు వించెస్టర్‌ను నడిపిస్తున్న థామస్ బెన్నెట్, స్థాపకుడు ఆలివర్ వించెస్టర్‌కు అల్లుడు, యూటా రాష్ట్రం ఆగ్డెన్‌లో ఉన్న జాన్ బ్రౌనింగ్ వైపు చూశాడు. బ్రౌనింగ్ 1855లో పుట్టాడు. తండ్రి కూడా తుపాకులు చేసేవాడే. అంతకుముందే, 1883లో, బెన్నెట్ రైలెక్కి ఆగ్డెన్ వెళ్లి బ్రౌనింగ్ చేసిన ఒంటి తూటా రైఫిల్ హక్కులు కొనుక్కొచ్చాడు. ఆ స్నేహం అప్పటిది. ఈ చిన్న రైఫిల్‌కు బ్రౌనింగ్ పంపిన గీతలు చూసి న్యూ హేవెన్ ఇంజనీర్లు ఇది పనిచేయదని జవాబు రాశారనీ, ఆయన మారు మాట్లాడకుండా పనిచేసే నమూనా ఒకటి తయారుచేసి పంపాడనీ చెప్పుకుంటారు. ఎంతవరకు నిజమో గానీ, టూల్‌రూములో బతికినవాళ్లకు ఈ కథ తియ్యగా ఉంటుంది. డ్రాయింగ్ చూసి తల అడ్డంగా ఊపేవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారు. (నవ్వులు) జాన్, ఆయన తమ్ముడు మాథ్యూ, ఇద్దరి పేరా 1888 జూన్ 26న పేటెంటు వచ్చింది. ఆ తేదీ తుపాకీ గొట్టం మీద చెక్కి ఉంటుంది. దాన్ని చూసి ‘నా తుపాకీ 1888లో తయారైంది’ అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. పేటెంటు తేదీ వేరు, తయారీ తేదీ వేరు.

1890లో అంగళ్లకు వచ్చింది. 1932లో దాని తర్వాతి తరం మోడల్ 62 దిగేదాకా చేస్తూ పోయారు, మిగిలిన విడిభాగాలతో ఆ తర్వాతా కొన్నాళ్లు కూర్చారు. మొత్తం దాదాపు 8 లక్షల 49 వేలు. 1906లో దీనికే చవక తమ్ముణ్ణి తెచ్చారు: పలకల గొట్టం బదులు గుండ్రనిది, 24 అంగుళాలకు బదులు 20. అదీ ఇంచుమించు ఇంతే అమ్ముడుపోయింది. పొలం పిల్లల చేతికి మొదట వచ్చే తుపాకీ ఇదే అయింది.

ఇప్పుడు జేబులోది తీస్తున్నాను. ముందు వరసలోని అమ్మా, ఇది తీసుకుని అద్దంలో చూసి వెనక్కి పంపండి. ఇది పేలిపోయిన తొడుగు, భయం లేదు. అడుగున చుట్టూ సన్నటి అంచు ఉంది చూడండి, అప్పడం వత్తినప్పుడు చివర మందంగా నిలిచినట్టు. ఆ అంచు లోపల బోలుగా ఉంటుంది. నిప్పు పుట్టించే రసాయనాన్ని తడిగా వేసి, తొడుగును గిర్రున తిప్పి, ఆ బోలులోకి ఎక్కిస్తారు. తుపాకీలోని పిన్ను అంచు మీద ఒక చోట నొక్కితే చాలు, ఆ రెండు రేకుల మధ్య రసాయనం నలిగి రాజుకుంటుంది, ఆ మంట లోపలి మందుకు అంటుకుంటుంది. అందుకే దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. అంచు మీద చిన్న నొక్కు కనిపిస్తోందా? అదే పిన్ను గాటు. పెద్ద తూటాల్లో నిప్పు పుట్టించే టోపీ మధ్యలో విడిగా ఉంటుంది, పేలాక మార్చి మళ్లీ నింపుకోవచ్చు. ఇందులో అది కుదరదు. ఒకసారి పేలితే పారేయడమే. చవక కాబట్టి ఎవరికీ బాధ లేదు. 1857లో స్మిత్ అండ్ వెసన్ వాళ్లు తమ చిన్న రివాల్వర్ కోసం తెచ్చిన పాయింట్ 22 షార్ట్ తూటా ఇలాంటిదే. ఈ రోజుకూ తయారవుతోంది. గ్రాహంబెల్ టెలిఫోను కన్నా ముందు పుట్టిన తూటా ఇంకా అంగట్లో దొరుకుతోందంటే చూడండి.

తెర మీద ఈ బొమ్మ చూడండి. గొట్టం కింద ఇంకో సన్నటి గొట్టం. తూటాలు అందులో తోకకు తల తగిలించుకుని వరుసగా పడుకుంటాయి, షార్ట్ రకమైతే పదిహేను. పిడి వెనక్కి లాగితే మూడు పనులు జరుగుతాయి. తాళం వీడి, గొట్టం వెనక భాగాన్ని మూసి ఉంచే దిమ్మె వెనక్కి జరుగుతుంది, ఖాళీ తొడుగు పైకి ఎగిరి పడుతుంది, గుర్రం లేచి నిలుస్తుంది. కొత్త తూటాను ఒక చిన్న పల్లెం కింది నుంచి పైకి ఎత్తుతుంది, బావిలో ఏతం బాన లేచినట్టు. ముందుకు తోస్తే అది గొట్టంలోకి దూరి దిమ్మె తాళం పడుతుంది. రెండు కదలికలు, అంతే. యంత్రాలతో బతికినవాడిగా చెబుతున్నాను, ఇందులో ఎక్కువ అనిపించే ముక్క ఒక్కటి లేదు.

ఆ పల్లెం దగ్గరే సేకర్తలు మొదట తెలుసుకోవాల్సిన సంగతి ఉంది. పల్లెం తూటా పొడవుకు కొలిచి చేసింది. అందుకని 1890 రైఫిల్ ఒక్కోటి ఒక్క రకం తూటాకే. షార్ట్‌ది షార్ట్‌కే, లాంగ్‌ది లాంగ్‌కే. ఈ రైఫిల్‌తో పాటే వించెస్టర్ ఇంకో తూటా తెచ్చింది, డబ్ల్యు.ఆర్.ఎఫ్. అని, అంటే వించెస్టర్ రిమ్‌ఫైర్. కాస్త లావు, కాస్త బలం. లాంగ్ రైఫిల్ రకం, ఇవాళ అందరూ వాడేది, ఈ మోడల్‌లోకి వచ్చింది 1919లో. గొట్టం వెనక భాగంలో పైన ఏ తూటానో చెక్కి ఉంటుంది. అది చదవకుండా, ‘పాయింట్ 22 అంటే పాయింట్ 22యే కదా’ అని డబ్ల్యు.ఆర్.ఎఫ్. తుపాకీలో లాంగ్ రైఫిల్ తూటా దూర్చేవాళ్లున్నారు. తూటా కూర్చునే గది వెడల్పు, తొడుగు సన్నం. తొడుగు చిట్లి వేడి గాలి వెనక్కి కొడుతుంది. కళ్లు పోగొట్టుకునే పని. దయచేసి ఎవరూ చేయకండి.

ఈ రైఫిల్‌కు ఇంకో జీవితం కూడా ఉంది, సంతల్లో. మన జాతర్లలో గాలి తుపాకీతో బుడగలు పేల్చే కొట్లుంటాయి కదా, అలాంటివే ఇక్కడ నిజమైన తూటాలతో ఉండేవి. పోత ఇనుము బాతులు, మట్టి చుట్ట గొట్టాలు వరసగా కదులుతుంటే షార్ట్ తూటాతో కొట్టాలి. ఆ కొట్లలో ఈ రైఫిల్ రోజంతా, ఏళ్ల తరబడి పనిచేసింది. అలాంటిది మీకు దొరికితే ముందు పిడి చేతిలోకి తీసుకోండి. గాళ్లు అరిగి నున్నగా, సబ్బుబిళ్లలా ఉంటాయి. ఎన్ని వేల చేతులు! నాకు కొత్తగా ఉన్నదాని కన్నా అలాంటిదే ఇష్టం. మార్కెట్టు నాతో ఏకీభవించదు, అది వేరే సంగతి.

ఇక్కడ ఒక అపోహ తీర్చాలి. ఆడ్ టోపర్‌వైన్ అనే వించెస్టర్ ప్రదర్శకుడు ఉండేవాడు. 1907 డిసెంబరులో టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పది రోజుల పాటు గాలిలోకి విసిరిన చెక్క దిమ్మెలను కొట్టాడు. 72,500 దిమ్మెల్లో తప్పినవి 9. ఇది చేసింది మన 1890తో అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. కాదు. ఆయన వాడింది 1903 మోడల్, తనంతట తానే తూటా మార్చుకునేది. పది రోజులు పిడి లాగుతూ కూర్చుంటే భుజం ఊడి వచ్చేది పాపం.

ఇక చివరికి, కొనేటప్పుడు నేను ఏం చూస్తానో చెబుతాను. అమ్మే మనిషి కథ చెబుతాడు, తాతగారు, బందిపోటు జెస్సీ జేమ్స్, ఏదో ఒకటి. వినండి, మర్యాద. కానీ చదవాల్సింది ఇనుమును. మొదటి రెండేళ్లలో చేసినవి, సుమారు 15,500, విడదీయడానికి రావు. తర్వాతివాటికి ఎడమ పక్కన గరుకు తలతో పెద్ద మర ఉంటుంది, దాన్ని తిప్పితే తుపాకీ రెండు ముక్కలవుతుంది. అలా విడిపోయేవాటికి వరుస నంబరు రెండు చోట్ల కొట్టారు, ఒక్కో ముక్క మీద ఒకటి. రెండూ ఒకటే కావాలి. కాకపోతే రెండు తుపాకులు పెళ్లాడి ఒక సంసారం చేస్తున్నాయన్నమాట. 1901 దాకా రిసీవర్‌కు ఆ నీలం-తేనె రంగులు, ఎముకబొగ్గులో కాల్చి నీళ్లలో ముంచితే వచ్చేవి. ఆ తర్వాత నల్లటి నీలం పూత. 1908 ప్రాంతం నుంచి రిసీవర్ పైన రెండు పక్కలా తాళం గాట్లు బయటికే కనిపిస్తాయి. పాతవాటిలో తాళం లోపలే.

గొట్టం మీద అండాకారంలో డబ్ల్యు, పి అనే అక్షరాల ముద్ర కనబడితే గుర్తుపెట్టుకోండి. పరీక్షలో నెగ్గిందని వేసే ఆ ముద్ర మొదలైంది 1905లో. నంబరు చూస్తే 1895 నాటిది, గొట్టం మీద ఆ ముద్ర ఉంది, అనుకుందాం. అంటే గొట్టం తర్వాత మార్చారు. అమ్మేవాడు అబద్ధం చెబుతున్నాడని కాదు, ఆయనకూ తెలియకపోవచ్చు. కానీ ధర మారుతుంది. వయోమింగ్ రాష్ట్రంలోని కోడీ పట్టణంలో బఫెలో బిల్ పేరున్న మ్యూజియం ఉంది. వించెస్టర్ కార్ఖానా పాత ఖాతా పుస్తకాలు అక్కడికి చేరాయి. తొలినాళ్ల నంబర్లయితే రాసి పంపితే, ఏ రకం తూటాకు చేశారో, ఏ తేదీన గోదాము నుంచి వెళ్లిందో రాతపూర్వకంగా ఇస్తారు.

గొట్టం లోపలికి లైటు వేసి చూడండి. చాలావాటిలో తుప్పు గుంటలే. ఎవరూ అజాగ్రత్తగా వాడి కాదు. ఆ రోజుల్లో నిప్పు రసాయనంలో క్లోరేటు ఉండేది. పేలాక అది ఉప్పుగా మిగిలేది, వంటింటి ఉప్పుకు దగ్గరి చుట్టం. ఉప్పు జాడీలో ఉప్పు వానాకాలంలో చెమ్మగిల్లుతుంది కదా, గొట్టంలోనూ అంతే. తెల్లారేసరికి తుప్పు. తుప్పు పట్టించని రకం వచ్చింది 1920ల చివర్లో. అప్పటికి ఈ రైఫిల్ ఆయుష్షు చాలావరకు అయిపోయింది. అందుకని లోపల మెరుస్తూ ఉన్న పాత గొట్టం కనబడితే సంతోషించే ముందు అనుమానించండి, తర్వాత సంతోషించండి.

ఇక మరల తలలు. కార్ఖానా గాడి సన్నగా, కోసినట్టు ఉంటుంది. లావు స్క్రూడ్రైవరుతో ఎవరో విప్పితే పెదవి చిట్లినట్టు ఉంటుంది. అక్షరాల అంచులు వేలికి తగలాలి. మెత్తగా కరిగినట్టుంటే గుడ్డచక్రం తిరిగిందన్నమాట. నాకు బాగా తెలుసు. (నవ్వులు)

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మాస్టారు.

(సభలోంచి ప్రశ్న: యాంటీక్ అంటే ఎన్నేళ్లు? ఇండియా తీసుకువెళ్లవచ్చా?)

అమెరికా ఫెడరల్ చట్టం 1898లోగా, ఆ ఏడాదితో కలిపి, తయారైనవాటిని యాంటీక్ అంటుంది. అంటే ఒకే మోడల్‌లో ఒకే పోలికతో ఉన్నవాటిలో కొన్ని చట్టానికి యాంటీక్, కొన్ని మామూలు తుపాకులు. నంబరే తేలుస్తుంది. రాష్ట్రాల చట్టాలు మళ్లీ వేరు, ఎవరి రాష్ట్రంలో వారు కనుక్కోవాలి. ఇండియా మాట వేరే. అక్కడ 1959 ఆయుధ చట్టం. తూటా పేల్చే రైఫిల్‌కు లైసెన్సు కావాలి. ఇక్కడ యాంటీక్ అన్న మాట అక్కడి కస్టమ్స్ బల్ల దగ్గర మిమ్మల్ని కాపాడదు. సూట్‌కేసులో పెట్టుకుని శంషాబాదులో దిగే ఆలోచన ఎవరికైనా ఉంటే మానుకోండి.

(మరో ప్రశ్న: మీరు తోమినదాన్ని ఏం చేశారు? మళ్లీ రంగు వేయించారా?)

వేయించలేదమ్మా. వేసేవాళ్లున్నారు, చాలా అందంగా వేస్తారు. కానీ కొత్త రంగు వేస్తే ఆ మూలన మిగిలిన గోరంత పాత రంగు కూడా పోతుంది. రంగు వేయాలంటే ముందు రిసీవర్ అంతా గీకాలి కదా. ఉన్నదాన్ని ఉన్నట్టే పెట్టాను. ఏడాదికి రెండుసార్లు పల్చగా నూనె రాస్తాను, మెత్తటి గుడ్డతో, నొక్కకుండా. ఆ పెద్దాయన పోయారు. పోయే ముందు ఆయన తన భూతద్దం నాకిచ్చారు. ఇందాక ముందు వరసకు ఇచ్చింది అదే. తూటా తొడుగు పోయినా ఫరవాలేదు, అద్దం మాత్రం చివరి వరసలో ఎవరి దగ్గర ఉందో చూసి వెళ్లేటప్పుడు నాకు ఇవ్వండి.